పాత మౌజరు, కొత్త తూటా



1914 ఆగస్టు 26, బుధవారం. కలకత్తా కస్టమ్స్ హౌసు దగ్గర ఎడ్లబళ్లు బారులు తీరాయి. రొడ్డా అండ్ కంపెనీ అనే తుపాకుల వర్తక సంస్థకు ఓడలో సరుకు వచ్చింది. దాన్ని విడిపించి గోదాముకు చేర్చే పని శ్రీశ్ చంద్ర మిత్ర అనే గుమాస్తాది. ఆ రోజు అతను 202 పెట్టెలు విడిపించాడు. డల్హౌసీ స్క్వేర్ పక్కన వాన్సిటార్ట్ రోలో ఉన్న గోదాముకు 192 చేర్చాడు. మిగతావి తీసుకొస్తానని చెప్పి వెళ్లినవాడు మళ్లీ కనిపించలేదు. కంపెనీవాళ్లు మూడు రోజులు ఎదురుచూసి అప్పుడు పోలీసులకు చెప్పారు. అప్పటికే ఆ పది పెట్టెలూ బెంగాల్ విప్లవకారుల చేతుల్లోకి వెళ్లిపోయాయి. వాటిలో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఉన్నాయి.

ఈ చోరీ గురించి చెప్పుకునేటప్పుడు పిస్తోళ్ల లెక్కే ముందుకొస్తుంది. అసలు గమనించాల్సింది తూటాల లెక్క. 46,000ని 50తో భాగిస్తే ఒక్కో పిస్తోలుకు 920 తూటాలు వస్తాయి. అవి కూడా ఆ పిస్తోలు కోసమే తయారైనవి, దాని కొలతకూ దాని బలానికీ సరిపోయేవి. ఆ తూటాలు వెంట రాకపోతే ఆ యాభై పిస్తోళ్లూ కొన్నాళ్లకు ఇనపముక్కలయ్యేవి, లేదంటే పట్టుకున్నవాడి చేతిలోనే పేలేవి. పాత పిస్తోలుకు దాని తూటా దొరక్క, అదే కొలతలో ఉన్న మరింత బలమైన తూటా వేస్తే ఏమవుతుందన్నదే ఈ ప్రసంగం.

ముందు ఆ పిస్తోళ్లు వచ్చిన దారి చూద్దాం. సముద్రం మీద నుంచి కలకత్తా వెళ్లే ఓడలన్నీ హుగ్లీ నదిలో బడ్జ్ బడ్జ్ ముందు నుంచే వెళ్లాలి. ఊరు నదికి తూర్పు ఒడ్డున, నేటి దక్షిణ 24 పరగణాల జిల్లాలో ఉంది. చమురు డిపోలు, జనపనార మిల్లులు ఉన్న ఊరు. హుగ్లీ ఒడ్డున ఉన్న ఇలాంటి మిల్లుల్లో పని కోసం శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు తరాల తరబడి వలస వెళ్లాయి. రొడ్డా మౌజర్లు కూడా ఈ నీళ్లమీదుగానే వచ్చాయి. అవి మాయమైన 34 రోజులకు, సెప్టెంబరు 29న, అదే నీళ్లమీద కొమగాటా మారు అనే జపాన్ ఓడ బడ్జ్ బడ్జ్ దగ్గర ఆగింది. కెనడాలో దిగనివ్వక వెనక్కి పంపేస్తే తిరిగొచ్చిన ప్రయాణికులు అందులో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది సిక్కులు. వాళ్లను నేరుగా పంజాబ్ రైలెక్కించాలని ప్రభుత్వం చూసింది. వాళ్లు ఒప్పుకోలేదు, గురుగ్రంథ సాహిబ్‌ను ముందు పెట్టుకుని కలకత్తా వైపు నడక సాగించారు. దారిలో ఆపి వెనక్కి తెచ్చారు. స్టేషన్ దగ్గర పొద్దుగూకే వేళ కాల్పులు జరిగాయి. ఇరవై మంది దాకా ప్రయాణికులు చనిపోయారు. ప్రయాణికుల దగ్గర రివాల్వర్లు ఉన్నాయని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం రాసింది. వాళ్లమీద కురిసింది మాత్రం సైనికుల రైఫిళ్ల తూటాలు. 1952లో నెహ్రూ అక్కడి స్మారకాన్ని ఆవిష్కరించారు. ఇప్పుడు ఆ రైల్వే స్టేషన్ పేరులోనే కొమగాటా మారు ఉంది.

ఆ ప్రయాణికుల్లో కొందరికి, విదేశాల్లోని భారతీయులు బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా నడిపిన గదర్ ఉద్యమంతో సంబంధాలున్నాయి. ఆ ఉద్యమంలో మన తెలుగువాడూ ఉన్నాడు. కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య అమెరికాకు చదువుకోసం వెళ్లి గదర్ పార్టీలో చేరి, జైలు పాలయ్యారు. ఆయన ఆత్మకథ 'నేనూ నా దేశం' మన భాషలోనే ఉంది. ఆ కాలపు మనుషులను తెలుసుకోవాలంటే అది చదవాలి. ఇక్కడ మాత్రం ఆ మనుషుల చేతుల్లో ఉన్న ఇనుము గురించి మాట్లాడుకుందాం.

రౌలట్ కమిటీగా మనకు తెలిసిన రాజద్రోహ విచారణ సంఘం 1918లో తన నివేదికలో ఈ చోరీకి ప్రత్యేకంగా చోటిచ్చింది. 44 పిస్తోళ్లు దాదాపు వెంటనే తొమ్మిది విప్లవ బృందాలకు పంపిణీ అయ్యాయనీ, వాటిని 54 ఘటనల్లో వాడారనీ లెక్క తేల్చింది. అప్పటికి 31 పిస్తోళ్లు తిరిగి దొరికాయి. మిగతా పంతొమ్మిది దొరకలేదు. 1915 సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర బెంగాల్ విప్లవకారుడు బాఘా జతిన్, ఆయన సహచరులు నలుగురు పోలీసు రైఫిళ్లకు ఎదురు నిలిచింది మౌజర్లతోనే. పిస్తోలు పెట్టుకునే చెక్క ఒరను దాని పిడికి తగిలిస్తే అదే భుజానికి ఆనించుకునే బట్ అవుతుంది, పిస్తోలు చిన్న రైఫిల్ అయిపోతుంది. ఈ సంగతిని కమిటీ కూడా పనిగట్టుకుని రాసింది.

అదే నివేదిక ఆ పిస్తోళ్లను '.300 బోర్' అంది. ఈ అంకెను కాస్త గుర్తుపెట్టుకోవాలి, చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆ మౌజర్ పిస్తోలు రకం పేరు సీ96. దాని తూటా అసలు కొలత 7.63 మిల్లీమీటర్లు, ఇత్తడి తొడుగు పొడవు 25 మిల్లీమీటర్లు. 1896 నుంచి జర్మనీలో ఈ పిస్తోలు తయారైంది. రష్యాలో విప్లవం తర్వాత ఎర్రసైన్యం పొట్టి గొట్టం ఉన్న మౌజర్లను పెద్ద ఎత్తున కొన్నది. ఆ తూటా వాళ్లకు నచ్చింది. ఫ్యోదర్ టోకరెవ్ 1930 ప్రాంతంలో కొత్త సోవియట్ పిస్తోలు తయారుచేసినప్పుడు దాదాపు అదే తూటాను తీసుకుని, 7.62 అని పేరు పెట్టి, మందు బలం పెంచారు. తర్వాత అదే తూటాను సోవియట్ సబ్‌మెషిన్ గన్లలోనూ వాడారు. చైనా, చెకోస్లొవేకియా, ఇంకా ఎన్నో దేశాలు దాన్ని కోట్లలో తయారుచేశాయి. పంజాబ్ పోలీసుల ప్రకటనల్లో ఈనాటికీ కనిపించే '30 బోర్ పిస్తోలు' చాలాసార్లు ఈ టోకరెవ్ కుటుంబానిదే.

అంటే ఒకే పేరు కింద రెండు తూటాలు ఉన్నాయి. 1914 నాటి .300 బోర్ ఒకటి, ఈనాటి 30 బోర్ మరొకటి. రెండిటినీ పక్కపక్కన బల్లమీద నిలబెడితే కంటికి తేడా దొరకదు. పాత మౌజర్‌లో తూటా కూర్చునే చోటు, అంటే చాంబరులో, కొత్త టోకరెవ్ తూటా సాఫీగా దిగుతుంది, బోల్టు మూసుకుంటుంది, మీట నొక్కితే పేలుతుంది కూడా. కానీ ఆ పిస్తోలు ఆ పేలుడు కోసం తయారైంది కాదు.

తూటా పేలినప్పుడు ఎంత ఒత్తిడి పుడుతుందో ఊహించడానికి కారు టైరును తీసుకుందాం. దాన్లో గాలి సుమారు 33 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది, అంటే ప్రతి చదరపు అంగుళం మీద 33 పౌండ్ల బరువు. ప్రపంచమంతా వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాకు అమెరికా పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 35,000 పీఎస్‌ఐ. టైరుకు వెయ్యి రెట్లు. అదంతా బొటనవేలి గోరంత చోటులో, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో పుట్టి, పోతుంది. ఆ క్షణంలో చాంబరు గోడ రబ్బరులా కాస్త సాగి మళ్లీ యథాస్థితికి రావాలి. ఉక్కు అలా సాగి తిరిగి వచ్చే హద్దు ఒకటుంటుంది. ఆ హద్దు దాటితే సాగింది సాగినట్టే ఉండిపోతుంది, లేదా పగులుతుంది.

బడ్జ్ బడ్జ్ వైపు మనుషులకు మందు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. అదే రైలు దారిలో ఉన్న నుంగి బాణసంచాకు పేరున్న చోటు. దీపావళికి, కాళీపూజకు జనం అక్కడికి వెళ్లి కొంటారు. బయట పోసి నిప్పంటిస్తే భగ్గుమని వెలిగే మందే, గట్టిగా చుట్టిన కాగితంలో బిగించి పెడితే బాంబై పేలుతుంది. మందు మారలేదు, బిగింపు మారింది. 2023 మేలో ఆ ప్రాంతంలోనే అనుమతి లేని బాణసంచా పేలి మనుషులు చనిపోయారు. తూటాలోనూ ఇదే సూత్రం. ఒక మందును ఎంత గట్టిగా బిగించారో, ఎంత త్వరగా మండేలా తయారుచేశారో, దాన్ని బట్టి ఒత్తిడి పెరుగుతుంది. బయటినుంచి చూస్తే ఇత్తడి తొడుగు ఒక్కటే కనిపిస్తుంది.

ఇక సీ96 లోపలికి వెళదాం. దాన్ని విప్పి చూసినవాళ్లు ఆశ్చర్యపడేది ఒకటుంది. పిడి చెక్కలు బిగించే ఒక్క మర తప్ప దానిలో మరలే లేవు. ముక్కలన్నీ ఒకదానిలో ఒకటి ఇరికి నిలుస్తాయి. గొట్టం, దాని వెనక బోల్టు ఆడే పెట్టెలాంటి భాగం ఒకే ఉక్కు దిమ్మ నుంచి తీసినవి. పేలినప్పుడు గొట్టం, బోల్టు రెండూ కలిసి కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతాయి. ఆ లోపు గుండు గొట్టం దాటిపోతుంది. అప్పుడు అడుగునున్న లాకింగ్ దిమ్మ కిందికి దిగి బోల్టును వదిలేస్తుంది, బోల్టు వెనక్కి పరుగెత్తి ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది. ఆ పరుగును చివర్లో ఆపేది అడ్డంగా దూర్చిన ఒక చిన్న ఉక్కు ముక్క. కాల్చేవాడి ముఖానికీ, విసురుగా వచ్చే బోల్టుకూ మధ్య ఉన్న అడ్డు అదొక్కటే.

వందేళ్ల పిస్తోలులో ముందుగా నీరసించేది స్ప్రింగు. స్ప్రింగు నీరసిస్తే బోల్టు వేగం తగ్గదు, దాంతో ఆ చిన్న ముక్క మీద ప్రతిసారీ సుత్తిదెబ్బ పడుతుంది. దానికి తోడు బలమైన తూటా వేస్తే ఆ దెబ్బ మరింత బలంగా పడుతుంది. ఆ ముక్కలో ఏ మూలో కనిపించని పగులు ఉండి విరిగిందంటే, బోల్టు నేరుగా కంటి వైపు వస్తుంది. పాత మౌజర్లను బాగుచేసే పనివాళ్లు మొదట ఆ స్ప్రింగు, ఆ ముక్క చూడకుండా పిస్తోలును ముట్టుకోరు. గొట్టం పగలడమొక్కటే భయపడాల్సిన సంగతి అనుకుంటాం కానీ, ఇలాంటి చిన్న ముక్కలే ముందుగా ఓడిపోతాయి.

ఇది మౌజర్ ఒక్కదానికే పట్టిన చిక్కు కాదు. అమెరికాలో కోల్ట్ కంపెనీ 1900లో .38 ఆటోమేటిక్ పిస్తోలు తెచ్చింది. 1929లో అదే తొడుగులో మందు బలం పెంచి 'సూపర్ .38' అని కొత్త తూటా తెచ్చింది. కొలతల్లో రెండూ ఒకటే. పాతదాని గరిష్ఠ ఒత్తిడి 26,500 పీఎస్‌ఐ. కొత్తదానిది 36,500. మధ్యలో పదివేలు తేడా. 1929కి ముందు పుట్టిన కోల్ట్‌లో ఈ కొత్త తూటా వేస్తే ఏమవుతుందో ఊహించడానికి లెక్కలు రానక్కర్లేదు. ఇటలీలో గ్లిసెంటి పిస్తోలుదీ ఇదే కథ. దాని 9 మిల్లీమీటర్ల తూటా, జర్మన్ 9 మిల్లీమీటర్ల పారాబెల్లం చూడ్డానికి కవలలు, కానీ గ్లిసెంటి తూటా చాలా నెమ్మదైనది. ఆ పిస్తోలు ఆ నెమ్మదికే కట్టింది.

బ్రిటిష్ సైన్యం వాడిన వెబ్లీ .455 రివాల్వర్లది మరో దుస్థితి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అవి అమెరికాలో చవగ్గా అమ్ముడుపోయాయి. .455 తూటాలు అక్కడ దొరికేవి కాదు. అందుకని వాటి సిలిండరు వెనకభాగం కాస్త అరగదీసి, చిన్న క్లిప్పులు పెట్టి, .45 ఆటోమేటిక్ తూటాలు వేసుకునేలా మార్చారు. .45 తూటా పరిమితి 21,000 పీఎస్‌ఐ. వెబ్లీ పనిచేసే ఒత్తిడి దానికంటే చాలా తక్కువ. వెబ్లీకి అంత ఒత్తిడి మామూలు వాడకం కాదు, దాని పుట్టుకలో ఒక్కసారి పెట్టే పరీక్షతో సమానం. అలాంటి పరీక్షను ఆ రివాల్వరు ప్రతి తూటాకూ ఎదుర్కోవాలి. సిలిండర్లు చిట్లాయి, పైపట్టీలు విరిగాయి.

ఈ పొరపాటును ఒక సైన్యం ముందే గ్రహించి పట్టుకున్న ఉదాహరణ కూడా మౌజర్‌దే. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో జర్మన్ సైన్యం మౌజర్ కంపెనీకి 1,50,000 సీ96 పిస్తోళ్లు 9 మిల్లీమీటర్లలో తయారుచేయమని చెప్పింది. బయటికి చూస్తే పాత 7.63కూ కొత్త 9కీ తేడా లేదు. ముందు వరసలో చీకట్లో తూటాలు నింపే సైనికుడు తికమకపడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొత్త పిస్తోలు పిడి చెక్కల మీద పెద్ద 9 అంకె చెక్కి, దానికి ఎర్ర రంగు పూశారు. వాటికి 'రెడ్ నైన్' అనే పేరు అలా వచ్చింది. ఏ పుస్తకం చదవకపోయినా, ఏ బోధనా వినకపోయినా, పిడి పట్టుకోగానే అరచేతికి తెలిసేలా చెప్పారు. ఆయుధాల చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఎక్కువ మేలు చేసిన ఆలోచన మరొకటి ఉందని అనుకోను.

పాత పిస్తోలులో బలమైన తూటాలు కాల్చిన వాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: 'ఇరవై కాల్చాం, ఏమీ కాలేదు.' నిజమే, ఇరవై సార్లు ఏమీ కాకపోవచ్చు. కానీ ఉక్కు అలసట మనిషి అలసట లాంటిది కాదు, పడుకుంటే తీరదు. హద్దుకు దగ్గరగా వచ్చిన ప్రతి దెబ్బకూ లోపల కంటికి కనపడని పగులు వెంట్రుకంత పెరుగుతుంది. మనిషి ఎముకకు అతుకు పడుతుంది, ఉక్కుకు పడదు. ఇరవై ఒకటో తూటా, లేదా వందో తూటా దగ్గర ఆ పగులు అవతలి అంచు చేరుతుంది.

కొన్ని సూచనలు ముందుగా కనిపించవచ్చు. ఖాళీ తొడుగు అడుగున ఉండే క్యాపు చదునుగా అణిగిపోవడం, తొడుగు పొట్ట ఉబ్బడం, చీలడం, చాంబరులోంచి ఊడిరాకపోవడం, ఖాళీలు మామూలుకంటే చాలా దూరం విసిరికొట్టడం, చేతికి తగిలే దెబ్బ ఒక్కసారిగా పెరగడం. ఇవి కనిపిస్తే అక్కడే ఆపాలి. కానీ ఇవి కనిపించలేదు గనక అంతా క్షేమం అనుకోవడానికి లేదు. క్యాపు మామూలుగా ఉండగానే లాకింగ్ దిమ్మ మూల పగలవచ్చు. పాత పిస్తోలు ఒత్తిడి ఎక్కువైందని కచ్చితంగా తెలపగల పరికరం కాదు. అది తెలియాలంటే ప్రయోగశాలలో కొలత తీసే గొట్టాలు కావాలి.

అందుకే నాలుగు వందల ఏళ్ల కిందటే ప్రూఫ్ అనే పద్ధతి పుట్టింది. లండన్‌లో తుపాకి పనివాళ్ల సంఘానికి 1637లో రాజు అధికారపత్రం ఇచ్చాడు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసు 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. కొత్త తుపాకిని ఎవరికీ అమ్మకముందే, మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో, మనిషి చేయి పట్టుకోకుండా కాలుస్తారు. తట్టుకున్నదాని ఉక్కు మీద చిన్న ముద్ర కొడతారు. కలకత్తాకు వచ్చిన విలాయతీ తుపాకుల గొట్టాల కింద కిరీటం, అక్షరాలు ఉన్న ఆ ముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి. కానీ ఆ ముద్ర ఏ తూటాకు, ఏ కాలపు మందుకు కొట్టారో అర్థం చేసుకోవాలి. నల్లమందు కాలంలో పరీక్ష నెగ్గిన గొట్టం, నేటి పొగరాని మందుకు నెగ్గినట్టు కాదు. ఆ ముద్ర పడింది ఆనాటి ఉక్కు మీద. తర్వాత తుప్పు తిన్న గొట్టానికీ, ఎవరో అరగదీసిన చాంబరుకూ అది హామీ ఇవ్వదు.

రొడ్డా కంపెనీ విషయంలో ఇంకో రకం గుర్తు పనికొచ్చింది. ప్రతి మౌజర్ మీదా నంబరు ఉండేది, ఆ నంబర్ల జాబితా కంపెనీ దగ్గర ఉంది. ఎక్కడైనా పిస్తోలు దొరికితే అది పది పెట్టెల్లోదో కాదో పోలీసులు ఆ నంబరు చూసి తేల్చేవారు.

బలమైన తూటాను క్షేమంగా వాడాలంటే సరైన దారేదో కలకత్తా పక్కనే ఒక కర్మాగారం చూపించింది. బడ్జ్ బడ్జ్ నుంచి హుగ్లీ మీద ఎగువకు, కలకత్తా దాటి వెళితే ఇషాపూర్ వస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం నుంచి అక్కడ తుపాకిమందు పని ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రైఫిల్ ఫ్యాక్టరీ వచ్చింది. దశాబ్దాల పాటు ఇక్కడ .303 రైఫిళ్లు తయారయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక సైన్యం 7.62 నాటో రైఫిల్ తూటాకు మారాల్సి వచ్చింది. 1962 చైనా యుద్ధం తర్వాత రోజుల్లో పాత .303 నమూనాతోనే ఆ కొత్త తూటా కాల్చే రైఫిల్ కావాలన్నారు. ఇక్కడ లెక్క చూడాలి. .303 తూటా గరిష్ఠ ఒత్తిడి సుమారు 53 వేల పీఎస్‌ఐ. 7.62 నాటోది సుమారు 60 వేలు.

ఇషాపూర్ ఇంజినీర్లు చేయగలిగిన తేలిక పని ఒకటుంది. గోదాముల్లో ఉన్న లక్షల పాత .303లకు కొత్త గొట్టం బిగించి ఇచ్చేయడం. వాళ్లు అలా చేయలేదు. అదే ఆకారంలో కొత్త రైఫిళ్లు తయారుచేశారు, వాటి యాక్షన్‌కు, అంటే బోల్టుకూ దాన్ని పట్టి ఉంచే భాగాలకూ, మరింత బలమైన ఉక్కు వాడారు. మ్యాగజైన్ మార్చి పది తూటాల బదులు పన్నెండు పట్టేలా చేశారు. 2ఏ అని మొదలై 2ఏ1గా మారిన ఆ రైఫిళ్లు మన పోలీసుల చేతుల్లో చాలా ఏళ్లు పనిచేశాయి. అవి పాత .303లను మార్చి చేసినవే అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఆ అపోహ ఇషాపూర్ కార్మికులకు అన్యాయం చేస్తుంది. కంటికి పాత రైఫిల్ లాగే కనిపిస్తుంది, లోపల ఉక్కు వేరు. ఆ తేడా కోసమే వాళ్లు కష్టపడ్డారు. తూటా బలం పెంచాలంటే ఉక్కు బలం పెంచి, మళ్లీ ప్రూఫ్ చేసి, మళ్లీ ముద్ర కొట్టాలి. పిస్తోలుకైనా ఇంతకంటే దగ్గరదారి లేదు.

ఇక మన దేశంలో ఇప్పటి సంగతి. సైన్యం, పోలీసులు వాడే 9 మిల్లీమీటర్లు, .38 లాంటి కొలతలు మామూలు లైసెన్సుదారుకు నిషిద్ధం. అందుకే సామాన్యుడి రివాల్వర్ చాలాసార్లు .32, అదీ వెబ్లీ నమూనాలో మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ చేసింది. దాని .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటా నెమ్మదైనది, దాని పరిమితి 15,000 పీఎస్‌ఐ. అమెరికాలో అదే .32 వంశంలో పుట్టిన .327 మాగ్నమ్ పరిమితి 45,000. అంటే మూడు రెట్లు. తాత తుపాకిలో మనవడి తూటా పట్టకుండా ఆ తొడుగు పొడవు పెంచారు. పాత .38, సూపర్ .38 దగ్గర జరిగిన పొరపాటు ఇక్కడ జరగకుండా తీసుకున్న జాగ్రత్త అది.

తూటా బలంతో పాటు హుగ్లీ ఒడ్డు గాలిని కూడా లెక్కలో వేసుకోవాలి. వానాకాలం బడ్జ్ బడ్జ్‌లో గోడకు తగిలించిన గొడుగు ఊచకే తుప్పు పడుతుంది. పాత సైనిక తూటాల క్యాపుల్లో వాడిన రసాయనం కాల్చిన తర్వాత గొట్టంలో ఒకరకం ఉప్పును వదులుతుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నూనె తుడుపుతో అది పోదు, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి ఆ పైన నూనె వేయాలి. అలా కడగకుండా ఒరలో పెట్టేసిన పిస్తోలు గొట్టంలో కొన్ని వానాకాలాల్లోనే గుంటలు పడతాయి. వందేళ్లు గడిచిన గొట్టంలో ఆ గుంట లోతు ఎంతో గొట్టం లోపలికి చూసే పరికరం పెట్టి చూస్తే గానీ తెలియదు. ఒత్తిడి ఎక్కడ పట్టు దొరుకుతుందా అని వెతికేది సరిగ్గా అలాంటి గుంటలనే. ఏళ్లు గడిచిన తూటాలకూ ఇదే వర్తిస్తుంది. తేమ తగిలి చెడిన మందు మండకపోతే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించక మరొకటి పేలిస్తే గొట్టం చిట్లిపోతుంది. 'టప్' అని నీరసంగా శబ్దం వస్తే అక్కడే ఆగి, గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడకుండా మళ్లీ మీట నొక్కకూడదు.

లైసెన్సున్న పాత పిస్తోలు ఇంట్లో ఉండి దానితో కాల్చాలనుకునేవాళ్లు మొదట తుపాకులు బాగుచేసే, లైసెన్సున్న ఆర్మరర్ దగ్గరికి వెళ్లాలి. గొట్టం మీద రాసిన కొలత నమ్మి ఊరుకోకూడదు. చాంబరు నమూనా తీయించి అసలు కొలత చూపించుకోవాలి. మధ్యలో ఎవరైనా చాంబరు మార్చి ఉండవచ్చు. స్ప్రింగులు మార్పించాలి. లాకింగ్ భాగాలకు పగుళ్ల పరీక్ష చేయించాలి. ఆ తర్వాత ఆ పిస్తోలు పుట్టిన రోజుల బలానికి తయారైన తూటాలే వాడాలి. ఆ తూటాలు దొరకకపోతే ఆ పిస్తోలుతో కాల్చడం మానేయాలి. కొలత సరిపోయిందని బలమైనది వేసి చూడటం దీనికి మందు కాదు. సొంతంగా ప్రూఫ్ పరీక్ష చేసుకోవడం చట్టం ఒప్పుకోదు, దానికి వేరే లైసెన్సు కావాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. తాతలనాటి పిస్తోలు అదనంగా ఉన్న కుటుంబాలు దాన్ని అప్పగించాల్సి వచ్చింది.

ఇప్పుడు దొరక్కుండా పోయిన ఆ పంతొమ్మిది రొడ్డా పిస్తోళ్ల దగ్గరికి మళ్లీ వద్దాం. కొన్ని నదిలోకి వెళ్లి ఉంటాయి. కొన్ని కరిగిపోయి ఉంటాయి. ఏదో ఒకటి కలకత్తాలోనో, చందన్‌నగర్‌లోనో, బడ్జ్ బడ్జ్ పాత మేడలోనో, అటకమీద ఇనపపెట్టెలో గుడ్డ చుట్టుకుని ఉండి ఉండవచ్చు. అలాంటిది ఎవరికైనా దొరికితే దాని బోల్టు లాగకూడదు, లోపల తూటా ఉందేమోనని వేళ్లతో తడమకూడదు. గొట్టం గోడవైపు తిప్పి, తలుపు వేసి, దగ్గర్లోని పోలీస్ స్టేషనుకు చెప్పాలి. అలాంటి ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్ అధికారికి అప్పగించాలి. పోలీసు ఆర్మరర్ వచ్చి దాన్ని ఖాళీ చేశాక, చాంబరు ఎడమవైపు పలక మీద తడిగుడ్డతో తుడిచి చూస్తే నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు రొడ్డా జాబితాలో ఉన్నదేమో అప్పుడు చూడొచ్చు.